నిప్పుకంటే ముందొచ్చిన డబ్బు

1905 అక్టోబరులో అమెరికా అగ్నిప్రమాద బీమా కంపెనీల బోర్డు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మీద ఒక నివేదిక ఇచ్చింది. ఊళ్లో నూటికి తొంభైకి పైగా కట్టడాలు చెక్కవి. కొండవాలుల మీద ఒకదానికొకటి ఆనించి కట్టేశారు. పడమటి నుంచి సముద్రపు గాలి వీస్తూనే ఉంటుంది. లెక్క ప్రకారం ఈ ఊరు ఎప్పుడో కాలిపోవాల్సింది, ఇంకా నిలబడి ఉందంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల చురుకుదనమే కారణం, ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎన్నాళ్లో సాగదు అని అందులోని సారాంశం. ఆరు నెలలు తిరిగేసరికి, 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు భూమి కదిలింది. ఆ తర్వాత మూడు రోజులు ఊరు మండింది. సుమారు 28,000 కట్టడాలు, దాదాపు 500 వీధి బ్లాకులు బూడిదయ్యాయి. మూడు వేలమందికి పైగా చనిపోయారని తర్వాతి పరిశోధకుల అంచనా. నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా నిలువ నీడలేనివాళ్లయ్యారు.

ఆ నివేదిక రాకముందే ఇదే మాట నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మనిషి ఊళ్లోనే ఉన్నాడు. ఆయన డెనిస్ సలివాన్, 1893 నుంచి ఫైర్ చీఫ్. మంచినీటి పైపులను నమ్ముకుంటే లాభం లేదు, నిప్పు ఆర్పడానికి వేరే పైపులు వేసి సముద్రపు నీళ్లు ఎక్కించే ఏర్పాటు కావాలి, వీధుల కింద ఉన్న పాత నీటి తొట్లను మళ్లీ నింపి ఉంచాలి అని ఆయన అడుగుతూ వచ్చాడు. డబ్బు మంజూరు కాలేదు. భూకంపం వచ్చిన నిమిషంలో ఆయన బుష్ స్ట్రీట్ ఫైర్ స్టేషన్లో నిద్రపోతున్నాడు. పక్కనున్న కాలిఫోర్నియా హోటల్ చిమ్నీ విరిగి ఆ స్టేషన్ మీద పడింది. అంతస్తులు చీల్చుకుని కిందికి పడిపోయిన సలివాన్ నాలుగు రోజులకు, ఏప్రిల్ 22న కన్నుమూశాడు. ఆయన అడిగిన పనికి ఊరు డబ్బిచ్చింది, ఆయన పోయిన రెండేళ్లకు.

నేను ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కృష్ణా డెల్టా పట్టణాల్లో పైపులు, పంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, వాల్వులు, వాటి ఎస్టిమేట్లు, వాటి బిల్లులు, ఇదే నా బతుకు. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటాను. నీళ్ల శాఖ మనిషికి ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాదు. ఇందులో నాకు అన్నిటికంటే పట్టింపుగా అనిపించేది డబ్బు సంగతి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ప్రపంచంలో ఏ ఊరికైనా ముందు జాగ్రత్తకు డబ్బు పుట్టదు, బూడిద చూశాకే పుడుతుంది. ఈ అలవాటును పూర్తిగా కాకపోయినా కొంతైనా విరగ్గొట్టే సాధనం గ్రాంటు. నిప్పుకంటే ముందు వచ్చే డబ్బు అది. దాన్ని తీసుకోవడం ఎలాగో, తీసుకున్నాక నిలబెట్టుకోవడం ఎలాగో శాన్‌ఫ్రాన్సిస్కో ఎన్నో ఏళ్లుగా నేర్చుకుంటూ వస్తోంది.

మొదటి పాఠం బంగారం వేట రోజులది. 1849 డిసెంబరు నుంచి 1851 జూన్ వరకు, ఏడాదిన్నరలో ఆరుసార్లు ఈ ఊరు తగలబడింది. గుడారాలు, చెక్క కొట్లు, నూనె దీపాలు, ఎటు చూసినా గాలి. మొదటి మంట ఆరగానే వలంటీర్ల ఫైర్ కంపెనీలు పుట్టాయి. జీతాలిచ్చే ఫైర్ డిపార్ట్‌మెంట్ 1866 డిసెంబరులో గానీ రాలేదు. ఆ తొలిరోజుల్లోనే వీధుల కింద ఇటుకలతో నీటి తొట్లు కట్టారు. పైపుల వ్యవస్థ వచ్చాక, అది ఉండగా ఈ తొట్లెందుకని చాలావాటిని పట్టించుకోవడం మానేశారు. సలివాన్ మళ్లీ నింపమని అడిగింది వీటినే. కట్టడానికి చూపే ఉత్సాహం కాపాడటంలో ఉండదన్న సంగతి ఆనాటికే ఈ ఊళ్లో రుజువైపోయింది.

1906లో నీళ్లు లేక ఊరు కాలిందని అందరూ అంటారు. నీళ్లు ఉన్నాయి. నగరం లోపలి రిజర్వాయర్లలోనే ఎనిమిది కోట్ల గ్యాలన్ల దాకా ఉన్నాయి, అంటే మన లెక్కలో ముప్పై కోట్ల లీటర్లు. దూరపు చెరువుల నుంచి నీళ్లు తెచ్చే స్ప్రింగ్ వ్యాలీ వాటర్ కంపెనీ పెద్ద పైపులు భూమి చీలిన చోట తెగిపోయాయి, నిజమే. అయినా ఊళ్లో ఉన్న నీళ్లు మంట దగ్గరికి ఎందుకు చేరలేదు? వీధుల్లోని మెయిన్ పైపులు సుమారు 300 చోట్ల విరిగాయి. ఇళ్లలోకి వెళ్లే సర్వీసు పైపులు 23,000కు పైగా తెగాయి. తెగిన ప్రతి సర్వీసు పైపూ నేలలోకి తెరిచి వదిలిన కుళాయే. అన్ని కుళాయిలు ఒకేసారి పారుతుంటే మెయిన్‌లో ప్రెషర్ ఎక్కడిది? ఫైర్‌మెన్ హైడ్రంట్ తిప్పితే కాస్త గాలి, నాలుగు చుక్కలు. నీళ్లు దొరక్క డైనమైట్‌తో ఇళ్లు పేల్చి మంటను ఆపబోయారు. ఆ పేలుళ్లు కొన్నిచోట్ల కొత్త మంటలు రేపాయి.

ఆ 23,000 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990 మే తుపానుకు నేను రేపల్లె వైపు అసిస్టెంట్ ఇంజినీరుని. తుపాను వస్తోందని ముందురోజే ట్యాంకు నిండా నీళ్లు ఎక్కించి ఉంచాం. గాలికి చెట్లు వేళ్లతో లేచాయి, వాటి వేళ్లలో చిక్కుకున్న పైపులూ లేచాయి. సర్వీసు కనెక్షన్లు ఎక్కడికక్కడ తెగి, తెల్లారేసరికి ట్యాంకు నీళ్లన్నీ వీధి కాలవల్లో ఉన్నాయి. వాల్వు కట్టెయ్యడానికి పంపిన మనిషి వెనక్కొచ్చి, చాంబరు మీద చెట్టు పడి ఉందండీ, మూత తీసేందుకు వీల్లేదు అన్నాడు. అందుకే ఆపదలో అక్కరకొచ్చే నీళ్లు రోజువారీ నీళ్లతో కలిసి ఉండకూడదంటే నాకు పుస్తకం చెప్పక్కర్లేదు.

సలివాన్ అడిగిందీ అదే. 1908లో ఓటర్లు 52 లక్షల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. సిటీ ఇంజినీరు మార్స్‌డెన్ మాన్సన్ చేతి మీదుగా 1909లో పని మొదలై, 1913 నాటికి ఆగ్జిలరీ వాటర్ సప్లై సిస్టమ్ సిద్ధమైంది. దాని నిర్మాణం చూస్తే పైపుల మనిషికి ప్రాణం లేచొస్తుంది. ఊరి నడుమన ట్విన్ పీక్స్ శిఖరం మీద కోటీ ఐదు లక్షల గ్యాలన్ల రిజర్వాయరు. అది సముద్రమట్టానికి 750 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంటుంది. దానికి దిగువన ఆష్‌బరీ ట్యాంకు, 5 లక్షల గ్యాలన్లు. ఇంకా దిగువన జోన్స్ స్ట్రీట్ ట్యాంకు, 7.5 లక్షల గ్యాలన్లు. నీళ్లు పల్లానికే వస్తాయి కాబట్టి కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. పైనున్న నీళ్లు చాలకపోతే సముద్రపు నీళ్లు ఎక్కించడానికి తీరంలో రెండు పంపింగ్ స్టేషన్లు. ఒక్కోదానికి నిమిషానికి 10,000 గ్యాలన్ల శక్తి. ఈ పైపులకు ఇళ్ల కనెక్షన్ ఒక్కటి కూడా ఉండదు. మందపాటి కాస్ట్ ఐరన్ పైపులు, మలుపుల దగ్గర, మెత్తనేలల్లో జాయింట్లు ఊడిపోకుండా ఇనుప కడ్డీలతో బిగింపు. హైడ్రంట్ల నెత్తికి రంగులు వేశారు: నల్లది ట్విన్ పీక్స్ నీళ్లు, ఎర్రది ఆష్‌బరీ, నీలంది జోన్స్ స్ట్రీట్. రంగు చూడగానే ఆ నీళ్లు ఎంత ఎత్తు నుంచి వస్తున్నాయో ఫైర్‌మన్‌కు తెలిసిపోతుంది.

దానికి తోడు నీటి తొట్లను మళ్లీ పట్టించుకున్నారు. ఇప్పటికీ ఊరి కూడళ్లలో తారు రోడ్డు మధ్యన ఇటుకలతో పేర్చిన పెద్ద వలయం కనిపిస్తుంది. మా మనవరాలు స్కూలుకు వెళ్తూ ఆ ఇటుకల మీదే నడుస్తుంది. మధ్యలో ఇనుప మూత ఉంటుంది. దాని కింద సాధారణంగా 75,000 గ్యాలన్లు, అంటే రెండు లక్షల 80 వేల లీటర్ల నీళ్లు. ఆ తొట్టి ఏ పైపుకూ కలిపి ఉండదు. హైడ్రంట్ నుంచి గొట్టం వేసి నింపుతారు, అవసరమైన రోజున ఫైరింజను పైన నిలబడి నేరుగా తోడుకుంటుంది. ఊళ్లో ఉన్న పైపులన్నీ విరిగినా ఆ కూడలిలో ఆ నీళ్లు ఉంటాయి. ఇంత సాదా ఏర్పాటును మించిన ధీమా ఏ యంత్రమూ ఇవ్వదని నా అభిప్రాయం.

ఆ పని పరీక్షకు వచ్చింది 1989 అక్టోబరు 17 సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు. లోమా ప్రియెటా భూకంపం, తీవ్రత 6.9. మెరీనా పేట 1915లో ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం నీళ్లను పూడ్చి వేసిన నేల. అది కుదుపుకు బురదలా జారింది. డివిసాడెరో, బీచ్ స్ట్రీట్లు కలిసేచోట ఒక భవనం అంటుకుంది. ఆ పేటలో మంచినీటి పైపులు తెగిపోయాయి. మార్కెట్ స్ట్రీట్‌కు దక్షిణాన నిప్పు ఆర్పే పైపులు కూడా విరిగి, జోన్స్ స్ట్రీట్ ట్యాంకు ఖాళీ అయిపోయింది. ఎనభై ఏళ్ల కిందట అంత జాగ్రత్తగా వేసిన పైపు కూడా మెత్తనేలకు లొంగింది. అప్పుడు ఆ పేటను కాపాడినవి మూడు. ఫీనిక్స్ అనే ఫైర్ బోటు ఒడ్డుకొచ్చి సముద్రాన్ని తోడింది. అసిస్టెంట్ చీఫ్ ఫ్రాంక్ బ్లాక్‌బర్న్ అంతకు కొన్నేళ్ల ముందు రూపొందించిన పోర్టబుల్ వ్యవస్థ, అంటే ఐదంగుళాల గొట్టాలను చుట్టలు చుట్టలుగా మోసుకొచ్చే బళ్లు, ఆ నీళ్లను వీధుల్లోకి పంపాయి. మూడోది, ఆ వీధుల జనం. ఉద్యోగాల నుంచి ఇళ్లకు వస్తున్నవాళ్లు ఫైర్‌మెన్‌తో కలిసి గొట్టాలు లాగారు.

తర్వాతి ఏడాది రెండు పనులు జరిగాయి. ఒకటి, పేర్లు బయటపెట్టని దాతలు ఇచ్చిన డబ్బుతో నగరం కెనడాలోని వాంకూవర్ నుంచి ఒక పాత ఫైర్ బోటు కొంది. గార్డియన్ అన్న పేరుతో దాన్ని తెచ్చి ఫీనిక్స్ పక్కన కట్టేశారు. రెండోది, జనానికి శిక్షణ. గొట్టం లాగాలన్న తపన మనుషుల్లో ఉంది, ఎలా లాగాలో తెలిస్తే వాళ్లకూ ప్రమాదం తప్పుతుందని శాన్‌ఫ్రాన్సిస్కో ఫైర్ డిపార్ట్‌మెంట్ 1990లో నెర్ట్ అనే కార్యక్రమం పెట్టింది. పేటల వారీగా వలంటీర్లకు ఉచితంగా నేర్పుతారు. దీనికి ముందే దారి చూపింది లాస్ ఏంజెలిస్ ఫైర్ డిపార్ట్‌మెంట్. 1985 మెక్సికో సిటీ భూకంపంలో మామూలు జనం శిథిలాల కింద నుంచి వందలమందిని బయటికి తీశారు, ఆ పనిలో వంద మంది దాకా వాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది చూసి వచ్చినవాళ్లు లాస్ ఏంజెలిస్‌లో జనానికి శిక్షణ మొదలుపెట్టారు. 1990ల్లో ఫెడరల్ సంస్థ ఫెమా దాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది.

మా అమ్మాయి బలవంతం మీద నేనూ ఆ నెర్ట్ క్లాసులకు వెళ్లాను. గ్యాస్ మీటరు దగ్గర నిలబెట్టి నేర్పిన ఆ కాసేపు మరిచిపోలేను. నేర్పినాయన ఫైర్ డిపార్ట్‌మెంట్ మనిషి, నా కొడుకంత వయసు. వాల్వు మీది పిడి పైపుకు వరసగా ఉంటే తెరిచినట్టు, పావు చుట్టు తిప్పి అడ్డంగా పెడితే మూసినట్టు అని చూపించి, పానా నా చేతికిచ్చాడు. జీవితమంతా వాల్వులతో గడిపినవాణ్ణి కదా, చేతికి వెంటనే పట్టు దొరికింది. అప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు: గ్యాస్ వాసన వస్తేనే, లీకైన చప్పుడు వినిపిస్తేనే కట్టండి. భయపడి ఊళ్లో అందరూ కట్టేస్తే, ప్రతి ఇల్లూ పరీక్షించి మళ్లీ ఇవ్వడానికి గ్యాస్ కంపెనీకి వారాలు పడుతుంది. ఏ పని చెయ్యాలో ఎంత ముఖ్యమో, ఏ పని చెయ్యకూడదో అంత ముఖ్యమని అంత సూటిగా నేర్పిన పాఠం నేను మా శాఖ ట్రైనింగుల్లో కూడా వినలేదు.

2001 సెప్టెంబరు 11 తర్వాత డబ్బు తీరే మారింది. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు 343 మంది ఆ ఒక్కరోజు చనిపోయారు. అంతకు ముందు ఏడాదే చేసిన చట్టం కింద ఫైర్ డిపార్ట్‌మెంట్లకు నేరుగా ఫెడరల్ సాయం ఇచ్చే గ్రాంటు 2001లో మొదలైంది. ఊపిరి సిలిండర్లు, రక్షణ దుస్తులు, బళ్లు, శిక్షణ ఇందులోకి వస్తాయి. ఆ తర్వాత రేవుల భద్రత గ్రాంటు, పెద్ద నగరాల భద్రత గ్రాంటు వచ్చాయి. చివరిదాని పేరు క్లుప్తంగా యువాసీ. శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టుపక్కల 12 కౌంటీలు కలిసి దాన్ని పంచుకుంటాయి, ఆ డబ్బుకు ఖాతాదారు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం. భూకంపానికి ఊళ్ల సరిహద్దులు తెలియవు కాబట్టి, ఒకరి రేడియో ఇంకొకరికి వినపడాలి, ఒకరి గొట్టం ఇంకొకరి హైడ్రంటుకు సరిపడాలి అన్నది ఈ కలయికలోని అసలు ప్రయోజనం.

గ్రాంటు వచ్చిందంటే డిపార్ట్‌మెంట్ నేరుగా ఖర్చుపెట్టేసుకోదు. మన మున్సిపల్ కౌన్సిల్ లాంటి బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ముందు, స్వీకరించి ఖర్చు చేయడానికి అనుమతి అనే తీర్మానం పెట్టాలి. దాంతోపాటు ఒక ఫారం ఉంటుంది. ఇవి ఎవరైనా చూడొచ్చు. నేను చూసినప్పుడు మా శాఖలో రాసిన ఫైళ్లే కళ్లముందు కదిలాయి. గ్రాంటు ఇచ్చేవాళ్లెవరు, ఎంత, ఎప్పటినుంచి ఎప్పటివరకు, నగరం తన వాటా పెట్టాలా, పెడితే ఏ పద్దు నుంచి, బయట కాంట్రాక్టరుకు ఇస్తారా, ఇస్తే టెండరు పిలుస్తారా, ఆఫీసు నిర్వహణ ఖర్చులు ఇందులో కలిపారా, కలపకపోతే ఎందుకు కలపలేదు, దీంతో కొనేవి వికలాంగులకు అందుబాటులో ఉంటాయా. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గడి. మీటింగులో ఆ అంశం నిమిషంలో అయిపోవచ్చు. కానీ ఆ గడుల్లోనే ఊరు ఒక మాట ఇస్తోంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ గ్రాంటులో శాన్‌ఫ్రాన్సిస్కో పరిమాణంలో ఉన్న ఊరు తనవంతుగా పది శాతం కలపాలి, రేవుల గ్రాంటులో మామూలుగా పాతిక శాతం. మన దగ్గర దీన్నే మ్యాచింగ్ గ్రాంటు అంటాం. మ్యాచింగ్ వాటా లేక వచ్చిన డబ్బు వెనక్కి పోయిన ఫైళ్లు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వలేక రెండో విడత ఆగిపోయిన పనులు నేను ఎన్నో చూశాను. ఊరు తన చేతి నుంచి కొంత పెట్టినప్పుడే ఆ వస్తువు తనదన్న పట్టింపు వస్తుందని నా అనుభవం.

గ్రాంటు ఏం చేస్తుందో చూడాలంటే సెయింట్ ఫ్రాన్సిస్ అనే బోటు సంగతి చెప్పాలి. కోటీ 18 లక్షల డాలర్ల ఆ బోటుకు ఎక్కువ భాగం డబ్బు ఫెడరల్ గ్రాంటుల నుంచి వచ్చింది. 2016 అక్టోబరులో అది పనిలోకి దిగింది. పొడవు 88 అడుగులు, నిమిషానికి 18,000 గ్యాలన్లు చిమ్మగలదు, అంటే 68,000 లీటర్లు. తీరంలోని ఆగ్జిలరీ పైపులకు కనెక్షన్ ఇచ్చి సముద్రపు నీళ్లు ఊళ్లోకి ఎక్కించగలదు. ఒకవేళ పంపింగ్ స్టేషన్లు పడిపోయినా ఈ బోటు కదిలే పంపింగ్ స్టేషన్ అన్నమాట. 2020 మే 23 తెల్లవారకముందే ఫిషర్‌మెన్స్ వార్ఫ్‌లోని 45వ పియర్ మీద ఒక పెద్ద గోదాము అంటుకుంది. చేపలవాళ్ల పంజరాలు, తాళ్లు, వలలు కాలిపోయాయి. ఆ పియర్‌ను ఆనుకునే జెరెమయా ఓబ్రయన్ అనే ఓడ ఉంది. 1943లో నీళ్లలోకి దిగి, 1944లో నార్మండీ దాడికి సరుకు మోసిన లిబర్టీ ఓడల్లో ఒకటి. అలాంటివి 2,700 పైచిలుకు కట్టారు, ఇంకా నడిచే స్థితిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంట ఓడ మీదికి వస్తుంటే సెయింట్ ఫ్రాన్సిస్ మధ్యలో నిలబడి ఓడ మీద నీళ్లు పరిచింది. ఓడ దక్కింది. కొన్నేళ్ల కిందట తీసుకున్న గ్రాంటు ఆ తెల్లవారుజామున దాదాపు ఎనభై ఏళ్ల చరిత్రను కాపాడింది. ఆ రోజు భూకంపం ఏమీ రాలేదు. పెద్ద ఆపద కోసం సిద్ధం చేసుకున్నది చిన్న ఆపదలో ఎన్నోసార్లు పనికొస్తుంది.

గ్రాంటు చెయ్యని పనీ ఒకటుంది. దానికి గడువుంటుంది, రెండేళ్లో మూడేళ్లో. దాంతో కొన్న ఊపిరి సిలిండరు పదిహేనేళ్లు ఉంటుంది, బోటు అంతకు రెండింతలు. గడువు ముగిసిన మర్నాటి నుంచి ఆయిలు, రంగు, మరమ్మతు, నడిపే మనుషుల జీతాలు అన్నీ ఊరివే. అందుకే ఇక్కడివాళ్లు పక్కనే బాండ్లు కూడా పెట్టుకున్నారు. భూకంప భద్రత బాండ్లకు ఓటర్లు 2010లో 41.23 కోట్ల డాలర్లకు, 2014లో 40 కోట్లకు, 2020లో 62.85 కోట్లకు ఒప్పుకున్నారు. 2019లో ఊరి పాలనను తరచి చూసే పౌరుల బృందం సివిల్ గ్రాండ్ జ్యూరీ ఒక గట్టి మాట చెప్పింది: నిప్పు ఆర్పే ఎక్కువ ప్రెషర్ పైపులు ఊరికి పడమటనున్న పేటలకు సరిగా చేరలేదు, ఆలస్యమయ్యేలోపు వెయ్యండి అని. సలివాన్ ఏ మాట అన్నాడో నూట పదేళ్లకు పైగా గడిచాక ఇంకో సగం ఊరి కోసం అదే మాట. 2020 బాండ్లలో ఆ పైపుల కోసం 15.35 కోట్ల డాలర్లు విడిగా పెట్టారు. ఈసారి నివేదికకూ డబ్బుకూ మధ్య ఊరు కాలలేదు. నాకు ఇందులో కనిపించిన అతి పెద్ద మార్పు అదే.

మనవాళ్లు ఎక్కువగా ఉండేది బేకు ఆవలి వైపు ఫ్రీమాంట్‌లో. ఆ ఊరి మధ్య నుంచే హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు పోతుంది. అక్కడ పెద్ద భూకంపం చివరిసారి వచ్చింది 1868 అక్టోబరులో. ఫ్రీమాంట్ ఫైర్ డిపార్ట్‌మెంట్ కూడా జనానికి శిక్షణ ఇస్తుంది. మా అమ్మాయి స్నేహితుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా ఈ సంగతే ఎత్తుతాను. మా ఆయనకు టైమ్ ఉండదండీ అంకుల్ అంటారు. పండగలకు పులిహోర, గారెలు వండి నూరుమందికి పెట్టగలిగిన ఇల్లాళ్లకు వారం రోజుల నీళ్లు పట్టి ఉంచుకోవడం, మందులు, టార్చి ఒక సంచిలో సర్దుకోవడం ఎంతసేపు? మన వీధిలో ముసలివాళ్లెవరు, గ్యాస్ పానా ఎవరి దగ్గరుంది, ఇవి తెలుసుకుంటే చాలు, ఫైరింజను వచ్చేలోపు సగం పని అవుతుంది.

2025 ఏప్రిల్‌లో ఫెమా, విపత్తులకు ముందే ఊళ్లను గట్టిపరచుకోవడానికి ఇచ్చే బ్రిక్ అనే గ్రాంటు పథకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2020లో మొదలైన పథకం అది. ఇచ్చే చెయ్యి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. అందుకే వచ్చినప్పుడు దాన్ని ఎలా వాడుకున్నామన్నది ముఖ్యమవుతుంది. ఫైరింజను, పైపు, తొట్టి, శిక్షణ పొందిన మనిషి మిగలాలి. కొన్న పెట్టె తాళం వేసి స్టోర్ రూములో మిగలకూడదు.

ఈ మాట మన రాష్ట్రాలకు సరిగ్గా వర్తిస్తుంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు కేంద్రం 2023లో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలు తమవంతు పాతిక శాతం కలపాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫైర్ డిపార్ట్‌మెంట్ నగరానిది. మన రాజ్యాంగంలో కూడా 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో అగ్నిమాపక సేవలు పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి, అయినా మన రెండు రాష్ట్రాల్లో అది రాష్ట్ర శాఖగానే నడుస్తోంది. కాబట్టి మన మున్సిపల్ కౌన్సిలరుకు తన ఊరి ఫైర్ స్టేషన్‌కు ఏ డబ్బు వచ్చిందో, దేనికి వచ్చిందో తెలిసే అవకాశం తక్కువ. జనానికి శిక్షణ విషయంలో ఆపద మిత్ర పథకం 350 జిల్లాల్లో లక్షమంది వలంటీర్లను తయారుచేయాలని పెట్టుకున్నది నెర్ట్ లాంటి ఆలోచనే. తుపాన్ల తీరం మనది. దివిసీమ ఉప్పెన 1977లో, పాశర్లపూడి బ్లోఅవుట్ 1995లో, విశాఖ రిఫైనరీ అగ్నిప్రమాదం 1997లో, హుద్‌హుద్ 2014లో. మనకు ఉదాహరణలు బయటి నుంచి తెచ్చుకోవలసిన అవసరం ఎప్పుడూ లేదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మనం అగ్నిమాపక వారోత్సవాలు జరుపుకుంటాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి చనిపోయిన 66 మంది ఫైర్‌మెన్ పేరిట మొదలైన ఆచారం అది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏప్రిల్ 18 తెల్లవారుజామున ఇరవయ్యో వీధి, చర్చ్ స్ట్రీట్ కూడలిలో ఉన్న హైడ్రంటుకు బంగారు రంగు వేస్తారు. 1906లో ఊరంతా పైపులు ఎండిపోయినప్పుడు నీళ్లిచ్చి మిషన్ పేటను కాపాడిన హైడ్రంట్ అది. రెండూ ఒకే వారంలో వస్తాయి. మన వారోత్సవాల్లో విన్యాసాలు చూపిస్తారు, కరపత్రాలు పంచుతారు, మంచిదే. దాంతోపాటు ఆ వారంలో ప్రతి ఫైర్ స్టేషన్ గోడ మీద ఒక కాగితం అంటించాలని నా కోరిక. ఈ స్టేషన్‌కు ఏ పథకం కింద ఎంత వచ్చింది, దాంతో ఏం కొన్నారు, అది ఇప్పుడు నడుస్తోందా, ఎవరికి నేర్పారు.

రిటైరైన ఇంజినీరుగా నేను కౌన్సిలర్లకు చెప్పగలిగింది ఇది. ఫైర్ స్టేషన్ కోసం గ్రాంటు వచ్చిందన్న తీర్మానం మీ ముందుకొస్తే చప్పట్లు కొట్టి పంపేయకండి. లేచి మూడు ప్రశ్నలు అడగండి. మన వాటా ఏ పద్దులో ఉంది? గ్రాంటు గడువు ముగిశాక దీన్ని ఎవరి డబ్బుతో నడుపుతారు? దీన్ని వాడటం వచ్చిన మనుషులు ఎంతమంది ఉన్నారు? ఈ మూడింటికీ జవాబులు రాసుకున్నాకే చెయ్యెత్తండి. సలివాన్ బతికుండగా శాన్‌ఫ్రాన్సిస్కో చెయ్యని పని అదే. ఆ తర్వాత ఆ ఊరు ఎంత ఖర్చుపెట్టి నేర్చుకుందో, అంత ఖర్చు లేకుండా నేర్చుకునే వీలు మనకుంది.